బిడ్డకు నాలుగు హద్దులు

(దత్తత చట్టంలో పుట్టింటి వివరాల గురించి నెల్లూరులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మారకంగా జరుగుతోందో ఆ మనిషి పేరు ఆహ్వానపత్రంలో లేదు. అది అచ్చుతప్పు కాదు. తను పోయాక ఏటా ఒక ఉపన్యాసం జరగాలని డబ్బు కట్టిన రోజే, తన పేరు ఎక్కడా వేయకూడదని ఆయన షరతు పెట్టారు. ఆ షరతు కాగితం కూడా స్వయంగా తనే రాసుకున్నారు. బతుకంతా రాతతోనే గడిచిన మనిషి ఆయన. దస్తావేజు లేఖరి. మన సముద్రతీరంలో ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, వేపచెట్టు నీడలో, చెక్కపెట్టె ముందేసుకొని దాదాపు 40 ఏళ్లు కూర్చున్నారు. క్రయపత్రాలు, తనఖాలు, భాగపరిష్కారాలు, వీలునామాలు, ఎప్పుడో ఒకసారి దత్తత పత్రం. నేను ఆయన్ని పెద్దాయనా అనేవాణ్ణి. ఆయన నన్ను అబ్బయ్యా అనేవారు. ఈ పూట నేను చెప్పబోయే మాటకు మూలం ఆయన రాసిన ఒక పత్రం.

వేపచెట్టు కింద

1985 మొదట్లో సంగతి. అంతకుముందు నవంబరులో తుపాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. పాలేల్లో పడవలు, వలలు పోయాయి. ఒక పట్టపుపాలెం నుంచి అక్కాచెల్లెళ్లు ఇద్దరు, వాళ్ల మొగుళ్లు, ఆరునెలల ఆడపిల్ల మా సీనియరు ఆఫీసుకు వచ్చారు. చెల్లెలు బిడ్డను ఇస్తోంది, పిల్లల్లేని అక్క తీసుకుంటోంది. నల్లకోటు కొత్త, ఉత్సాహం ఎక్కువ. ఒక పేజీలో దత్తత పత్రం చిత్తు రాసి పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఇచ్చేవారి పేర్లు, పుచ్చుకునేవారి పేర్లు, ఇరువురి సమ్మతి, బిడ్డను చేతికి ఇచ్చిన తేదీ. చట్టం అడిగేవన్నీ ఉన్నాయి.

ఆయన కళ్లజోడు పైకి తోసి చదివారు. "షెడ్యూల్ ఏది అబ్బయ్యా?" అన్నారు.

"ఇది ఆస్తి కాదు గదా పెద్దాయనా, షెడ్యూల్ ఎందుకు?"

"పది అంకణాల ఇంటి స్థలానికి నాలుగు హద్దులు రాస్తాం. తూర్పున ఎవరు, పడమర ఎవరు, దక్షిణం దారి ఉందా, ఉత్తరం గోడ ఎవరిది అని. బిడ్డ అంతకన్నా తక్కువదా?"

ఆ తరవాత ఆయన అడిగిన ప్రశ్నలు నాకిప్పటికీ గుర్తే. తల్లి వైపు ఇంటిపేరేంటి, ఆమె తల్లి ఏ జబ్బుతో పోయింది. తండ్రి వైపు ఎవరికైనా పెద్ద జబ్బులున్నాయా. బిడ్డ ఎక్కడ పుట్టింది, పొద్దా మాపా, మంత్రసాని చేతిలోనా ఆసుపత్రిలోనా, ఒంటి మీద పుట్టుమచ్చలు ఎక్కడ. చివరి ప్రశ్న, ఎందుకు ఇస్తున్నారు. తల్లి తల వంచుకుంది. పుచ్చుకునే మనిషికి చిరాకేసింది. "అయ్యన్నీ దేనికి సామీ? మా బిడ్డని మేం పెంచుకుంటాం. మాకన్నీ తెలుసు."

పెద్దాయన కలం ఆపలేదు. "మీ కోసం రాయటంలా నాయనా. ఇంకా చదవటం రాని మనిషి కోసం రాస్తున్నా" అన్నారు.

బిడ్డ అక్క ఒళ్లో నిద్రపోతోంది. పత్రం రెండు పేజీలైంది. చదివి వినిపించారు, వేలిముద్రలు పడ్డాయి. తూర్పు తల్లి వైపు, పడమర తండ్రి వైపు, దక్షిణం బిడ్డ పుట్టుక, ఒంటి వివరం, ఉత్తరం కారణం. దిక్కుల పేర్లు పత్రంలో లేవు, అవి మా ఇద్దరి మధ్య లెక్క. ఆ తరవాత ఏ దత్తత కాగితం నా చేతికొచ్చినా ఈ నాలుగూ ఉన్నాయా అని వెతుక్కోవడం అలవాటైంది. చాలావాటిలో రెండు కూడా ఉండవు.

తిక్కన ఊళ్లో కర్ణుడి మాట

పెన్న ఒడ్డున నిలబడి ఈ విషయం ఎత్తుకుంటే కర్ణుణ్ణి దాటిపోలేం. విరాటపర్వం నుంచి చివరిదాకా భారతాన్ని తెలుగు చేసిన తిక్కన ఈ ఊరివాడు, మనుమసిద్ధి కొలువులో మంత్రి. కర్ణుడి పుట్టుక గురించిన మాట బయటపడే ఘట్టాలన్నీ తిక్కన వంతులోనే వస్తాయి. ఉద్యోగపర్వంలో రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకొని నువ్వు కుంతి కొడుకువని చెబుతాడు. తరవాత కుంతే గంగ ఒడ్డుకు వచ్చి చెబుతుంది. యుద్ధం ముగిసి తర్పణాలు వదిలే వేళ, అతనికి కూడా నీళ్లు వదలండని కుంతి కొడుకులకు చెబుతుంది. శాంతిపర్వం మొదట్లో ధర్మరాజు ఆడవాళ్ల నోట రహస్యం దాగకుండుగాక అని శపిస్తాడు.

లాయరు కళ్లతో చూస్తే ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, కర్ణుడికి తన పుట్టుక చెప్పింది అతని అవసరం కోసం కాదు. ఇటువాళ్లకు అతనితో అవసరం పడ్డప్పుడు చెప్పారు. సూతపుత్రుడని సభలో అవమానపడ్డ రోజున ఎవరూ నోరు విప్పలేదు. యుద్ధానికి ముందు రోజుల్లో మాత్రం ఇద్దరు వచ్చి చెప్పారు. బిడ్డకు తన కథ ఎప్పుడు, ఎవరి వల్ల, దేని కోసం తెలుస్తుందనేది కథంత ముఖ్యమైన విషయం. రెండోది, ధర్మరాజు శాపం. పెళ్లికాని పిల్ల భయంతో చేసిన పనికి ఆడజాతి మొత్తానికి శిక్ష. దాపరికం మీద కోపం తల్లి మీదికి మళ్లడం మనకు అప్పటినుంచీ ఉన్న అలవాటు. పుట్టింటి వివరాలు బిడ్డకు అందాలని వాదించేవాళ్లు ఆ శాపాన్ని చట్టంలోకి తీసుకురాకుండా జాగ్రత్తపడాలి.

ఇంకో చిన్నమాట. పెట్టెలో పెట్టి ఏట్లో వదిలిన ఆ బిడ్డకు పేరు లేదు, చిరునామా లేదు. ఒంటి మీద కవచం, చెవులకు కుండలాలు మాత్రం ఉన్నాయి. అంటే అతనికి దక్షిణం హద్దు ఒక్కటే ఉంది.

చట్టం తెంచేది, చట్టం అడిగేది

తెలుగులో పుట్టిల్లంటే ఆడపిల్లే గుర్తొస్తుంది. దత్తత బిడ్డకూ పుట్టిల్లుంటుంది. చట్టానికి ఆ సంగతి తెలుసు, ఒక చేత్తో తెంచి ఇంకో చేత్తో పట్టుకుంటుంది.

హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956 డిసెంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి పుట్టింటి బంధాలు తెగిపోయి పెంచే ఇంటి బంధాలు మొదలవుతాయి. ఆ వెంటనే మినహాయింపులు వస్తాయి. పుట్టింట్లోనే ఉండి ఉంటే ఎవరిని పెళ్లాడకూడదో, దత్తత పోయాక కూడా వారిని పెళ్లాడకూడదు. దత్తతకు ముందే బిడ్డకు సంక్రమించిన ఆస్తి బిడ్డదే, దాని బాధ్యతలతో సహా. ఈ రెండో మాట మీద కోర్టుల్లో ఎంత నలుగులాటో చూడండి. ఉమ్మడి కుటుంబంలో పుట్టుకతో వచ్చిన వాటా దత్తత పోయినా వెంట వస్తుందని 1981 లా రిపోర్టుల్లోకి ఎక్కిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు. ముందే పంపకాలు జరిగి ఉంటే తప్ప రాదని 2023లో తెలంగాణ హైకోర్టు ఫుల్ బెంచ్. తీర్పు ఎటుపోయినా, తను ఎవరి ఇంట పుట్టాడో తెలియనివాడు ఆ వాదనలో అడుగే పెట్టలేడు.

పెళ్లి మాట ఇంకా సూటిది. హిందూ వివాహ చట్టం నిషిద్ధ బంధుత్వాలను లెక్కపెట్టేటప్పుడు రక్తసంబంధాన్నీ, దత్తత సంబంధాన్నీ కలిపి చూస్తుంది. మన దగ్గర మేనరికాలు ఎక్కువ, పాలేల్లో సంబంధాలు పది పదిహేను ఊళ్ల లోపలే. ఫలానావాళ్లను పెళ్లాడకూడదని చెప్పే చట్టం, ఆ ఫలానావాళ్లు ఎవరో బిడ్డకు తెలిసే దారి చూపించాలి గదా. చూపించకపోతే ఆ నిషేధాన్ని పాటించే భారం ఎవరి మీద పెట్టినట్టు?

పాత మద్రాసు రాష్ట్రంలో ఈ చిక్కు లేని పద్ధతి ఒకటుండేది. రెడ్లు, కమ్మవారిలో ఇల్లటం ఆచారాన్ని కోర్టులు గుర్తించాయి. ఇల్లటపుటల్లుడు మామ ఇంట్లో కొడుకులా వాటా పొందుతాడు, సొంత ఇంట్లో హక్కు పోగొట్టుకోడు. రెండిళ్లూ అందరికీ తెలుసు. దత్తతలో ఒక ఇంటిని చెరిపేస్తేనే రెండో ఇల్లు నిలబడుతుందన్న ఆలోచన మనకు సహజంగా వచ్చిందేమీ కాదని చెప్పడానికి ఇదొక సాక్ష్యం.

రిజిస్టరైన దత్తత పత్రానికి ఒక మంచి గుణం ఉంది. ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు ఇద్దరూ సంతకాలు చేసి ఉంటే, కాదని రుజువయ్యేదాకా ఆ దత్తత సక్రమమేనని కోర్టు అనుకోవాలి. అది 16వ సెక్షన్. రిజిస్ట్రేషన్ చట్టం కింద అలాంటి పత్రాలు 4వ పుస్తకంలోకి ఎక్కుతాయి. భూముల పత్రాలుండే 1వ పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. 4వ పుస్తకం అలా కాదు. పత్రం రాసినవారికి, దాని ద్వారా హక్కు పొందేవారికి, వారి ప్రతినిధులకు మాత్రమే నకలు ఇస్తారు. దత్తత బిడ్డ కన్నా ఆ పత్రం ద్వారా హక్కు పొందేవారు ఎవరుంటారు? ఊరికి మూసి, బిడ్డకు తెరిచిన తలుపు అది. 1908 నాటి చట్టంలో ఎవరూ దత్తత బిడ్డను తలుచుకొని పెట్టింది కాకపోయినా, నాకు తెలిసినంతలో అంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

2015 బాలల న్యాయ చట్టం దారి వేరు. బిడ్డను పెంచలేమనుకున్నవారు బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగింత పత్రం రాసిస్తారు. మనసు మార్చుకోవడానికి 2 నెలల గడువుంటుంది. తరవాత శిశుగృహలో ఉన్న బిడ్డ గురించి చైల్డ్ స్టడీ రిపోర్టు, మెడికల్ రిపోర్టు తయారుచేసి కేంద్ర దత్తత వనరుల సంస్థ (కారా) పోర్టల్‌లో పెడతారు. పెంచుకోబోయేవారు వాటిని చూసి నిర్ణయించుకుంటారు. దత్తత ఉత్తర్వు 2022 సెప్టెంబరు నుంచి కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. జనన ధ్రువపత్రంలో పెంచినవారి పేర్లే తల్లిదండ్రులుగా వస్తాయి. ఆ క్షణం నుంచి బిడ్డ చేతిలో ఉండే ఏ కాగితంలోనూ పుట్టిల్లు కనపడదు.

అలాగని చట్టం తలుపు పూర్తిగా మూయలేదు. 2022 దత్తత నిబంధనల్లో మూలాల అన్వేషణ గురించి ఉంది. 18 ఏళ్లు నిండినవారు తామే దరఖాస్తు చేసుకోవచ్చు, చిన్నపిల్లలైతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి. అడిగినవారికి సంస్థలు, అధికారులు సాయపడాలి. కన్నవారు తమ పేరు చెప్పొద్దని అప్పగింత నాడే కోరి ఉంటే, మళ్లీ వారి సమ్మతి అడగాలి. వాళ్లు వద్దన్నా, ఆచూకీ దొరక్కపోయినా, బిడ్డను ఏ కారణంతో, ఏ పరిస్థితుల్లో ఇచ్చారో అది మాత్రం చెప్పి తీరాలి. మూడో మనిషి వచ్చి వెతకడానికి వీల్లేదు. బిడ్డ హక్కు కన్నవారి గోప్యతను దెబ్బతీయకూడదు.

నిబంధన రాసినవారు పేరునూ కథనూ విడదీశారు. పేరు తల్లి గుట్టు, కథ బిడ్డ సొత్తు. పెద్దాయన లెక్కలో చెప్పాలంటే తూర్పు, పడమర మూసి ఉన్నా ఉత్తరం తెరిచే ఉంచాలి. న్యాయమైన ఏర్పాటే. చిక్కల్లా ఒకటి. 18 ఏళ్ల తరవాత బిడ్డ వచ్చి అడిగితే ఇవ్వడానికి, ఆనాడు ఆ కారణాన్ని ఎవరైనా సరిగ్గా రాసి ఉండాలి గదా.

తప్పుడు హద్దులు

సరిగ్గా రాయకపోతే ఏమవుతుందో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం చూసింది. 1999లోనూ 2001లోనూ తాండూరులో, హైదరాబాదులో దత్తత సంస్థల మీద పోలీసులు దాడులు చేశారు. లంబాడా తండాల్లో పేద తల్లిదండ్రుల చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టి ఆడపిల్లల్ని తెచ్చి, విదేశీ దత్తతలకు పంపుతున్నారని ఆరోపణలు. పట్టుకున్న పసిపిల్లల్ని ప్రభుత్వ శిశువిహార్‌కు చేర్చారు. సామాజిక కార్యకర్త గీతా రామస్వామి వంటివారు ఆ వ్యవహారాన్ని వెంటపడి బయటపెట్టారు. అప్పగింత పత్రాల్లో పేర్లు, వేలిముద్రలు, ఊర్లు నిజమైనవేనా అన్నది ఆనాటి గొడవంతటికీ నడిమధ్య ఉన్న ప్రశ్న. ఆ సమయంలో విదేశాలకు వెళ్లిన పిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటినవారు. వారిలో ఎవరైనా తన ఫైలు అడిగితే కాగితం ఇస్తారు. ఆ కాగితం నిజం చెబుతుందో లేదో ఎవరు పూచీ?

2001 ఏప్రిల్‌లో ప్రభుత్వం 16వ నంబరు జీవో తెచ్చింది. పేదరికం, ఎక్కువమంది పిల్లలు, ఆడపిల్ల వద్దనుకోవడం అనే కారణాలతో కన్నవారు బిడ్డను అప్పగించడాన్ని నిషేధించింది. అమ్మకాలకు అడ్డుకట్ట వేయాలన్న ఉద్దేశం మంచిదే. కానీ లేఖరి కళ్లతో చూసినప్పుడు నాకు ఒక బెంగ. నిజమైన కారణాన్ని కాగితం మీద రాయడానికి వీల్లేకపోతే తల్లి ఏం చేస్తుంది? ఇంకో కారణం చెబుతుంది. లేదా ఏమీ చెప్పకుండా ఆసుపత్రి మెట్ల మీద వదిలి పోతుంది. రెండు విధాలా ఉత్తరం హద్దు పోయినట్టే.

ఇప్పటి నిబంధనల్లోనూ ఇలాంటిదే ఒక సందు ఉంది. పెళ్లైన తల్లి ఒంటరిగా వచ్చి, మొగుడు ఎక్కడున్నాడో తెలియదంటే, ఆ బిడ్డను విడిచిపెట్టిన బిడ్డగా లెక్కిస్తారు. తల్లి ఎదురుగా నిలబడి ఉంది, అడిగితే చెబుతుంది. కానీ ఫైలు మీద మాట మాత్రం విడిచిపెట్టిన బిడ్డ అని. ఇరవై ఏళ్లకు ఆ బిడ్డ తన గురించి చదివే మొదటి మాట అదే అవుతుంది. వర్గం చట్టానిది, మార్చలేం. కింద నాలుగు వాక్యాలు రాయడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాదు.

యానాదుల బిడ్డ విషయంలో ఇది మరీ బరువైన సంగతి. పని కోసం రొయ్యల గుంటల వెంట, ఇటుక బట్టీల వెంట కుటుంబాలు తిరుగుతుంటాయి. తెగ, ఇంటిపేరు రాయకపోతే బిడ్డకు పోయేది ఇల్లొక్కటే కాదు. తన జనమూ పోతారు.

తల్లి గుట్టు

ఇంతసేపూ బిడ్డ పక్షాన మాట్లాడాను. కోర్టులో అవతలి పక్షాన్ని వినకుండా తీర్పు రాదు.

పెళ్లికి ముందు బిడ్డను కని, అప్పగించి, తరవాత వేరే ఊళ్లో కాపురం చేసుకుంటున్న మనిషిని తలుచుకోండి. మొగుడికి తెలియదు, పిల్లలకు తెలియదు. ఇరవై ఏళ్లకు ఒక రోజు పోస్టుమాన్ రిజిస్టర్ కవరు తెస్తే ఆ ఇల్లు నిలుస్తుందా? విదేశీ దత్తతల గురించిన లక్ష్మీకాంత్ పాండే కేసులో 1984 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు జస్టిస్ భగవతి కూడా గోప్యత గురించి ఆలోచించారు. పెంచేవారు ఎవరో కన్నవారికి తెలియకూడదు అన్నారు. అయినా బిడ్డకు ఊహ తెలిసి పరిణతి వచ్చాక అడిగితే, పెంచినవారు తమ విచక్షణతో ఆ వివరం చెప్పడానికి పెద్దగా అభ్యంతరం లేదని కూడా అన్నారు. అప్పటికి అది పెంచినవారి దయ. ఇప్పటి నిబంధనల్లో అది బిడ్డ చేసుకునే దరఖాస్తు. మధ్యలో 1992 డిసెంబరు 11న బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం చేరింది, 2003లో అంతర్దేశీయ దత్తతల హేగ్ ఒడంబడికను ఆమోదించింది. హేగ్ ఒడంబడిక 30వ అధికరణం బిడ్డ మూలాల సమాచారాన్ని, వైద్య చరిత్రను భద్రపరచమంటుంది. చూపించడం దేశ చట్టాన్ని బట్టి ఉండవచ్చు. దాచి ఉంచడం మాత్రం తప్పనిసరి.

ఇతర దేశాలు రకరకాలుగా వెళ్లాయి. స్కాట్లాండ్ 1930 చట్టంతోనే 17 ఏళ్లు నిండిన దత్తత బిడ్డకు తన జనన రికార్డు చూసుకునే హక్కు ఇచ్చింది. ఇంగ్లండుకు ఆ బుద్ధి 1975లో వచ్చింది. అంతకుముందు దత్తత అయినవారు రికార్డు చూడాలంటే ముందు కౌన్సెలరుతో మాట్లాడి తీరాలని షరతు పెట్టింది, పేరు బయటపడదన్న నమ్మకంతో ఇచ్చిన తల్లులు ఉన్నారు గనక. ఫ్రాన్సులో తల్లి పేరు చెప్పకుండానే ఆసుపత్రిలో కనవచ్చు. అక్కడ కూడా 2002లో ఒక జాతీయ మండలి పెట్టారు. తల్లి మూసిన కవరులో తన వివరం ఉంచి పోవచ్చు. బిడ్డ అడిగిన రోజున మండలి మధ్యవర్తిగా ఆమెను కలిసి, ఇప్పుడు చెప్పమంటారా అని అడుగుతుంది. ఆమె వద్దంటే వద్దే.

దాపరికాన్ని నమ్ముకున్నవారికి ఒక హెచ్చరిక. విదేశాల్లో పెరిగిన దత్తత పిల్లలు ఇప్పుడు ఉమ్ము నింపిన గొట్టం పోస్టులో పంపి, డీఎన్ఏ పరీక్షతో మేనమామ బిడ్డల్ని వెతికి పట్టుకుంటున్నారు. అలా దొరికిన బంధువుకు మధ్యవర్తి ఉండడు, తల్లిని ముందుగా అడిగే పద్ధతి ఉండదు. ఆఫీసు ఇవ్వని వివరం అడ్డదారిన వస్తే తల్లికే ఎక్కువ దెబ్బ.

ఇక మన ఊళ్ల గుట్టు సంగతి. దత్తత అయిన సంగతి పాలెమంతా తెలుసు, దురాయి పెద్దలకు తెలుసు, చేపల తట్ట దించే చోట ఆడవాళ్లందరికీ తెలుసు. బిడ్డ ఒక్కదానికే తెలియదు. ఎప్పుడో పెళ్లిచూపుల్లోనో, ఆస్తి తగాదాలోనో, ఎవరో కోపంలో అనేస్తారు. కర్ణుడికి సభలో జరిగినట్టు. అందుకే పెంచుతున్నవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే. బిడ్డకు మాటలు రాకముందే చెప్పడం మొదలుపెట్టండి. తెలిసిన రోజు అని ఒకటి ఉండకూడదు.

రాసే రోజు

బిడ్డ వచ్చి అడిగే రోజు గురించి అందరూ చర్చిస్తారు. ఆ హక్కు నిలిచేదీ పోయేదీ కాగితం రాసే రోజున. నా అనుభవంలో ఆ రోజు రాయవలసినవి పెద్ద పనులేమీ కావు.

అప్పగింత పత్రంతోపాటు తల్లి సొంత మాటల్లో ఒక పేజీ ఉండాలి, తెలుగులోనే. ఆఫీసు భాషలో "సామాజిక ఆర్థిక కారణాల వల్ల" అని రాస్తే బిడ్డకు ఏమీ అర్థం కాదు. "ఆ యేడు వేట లేదు" అని రాస్తే అర్థమవుతుంది. చదివి వినిపించి, ఔనన్నాకే వేలిముద్ర.

వైద్య వివరం రెండు వైపులదీ కావాలి. ఇప్పటి మెడికల్ రిపోర్టు బిడ్డకు ఈ రోజు ఏముందో చెబుతుంది. ముప్పయ్యేళ్లకు రాబోయేదాని జాడ అమ్మమ్మ, నాయనమ్మల కథలో ఉంటుంది. సికిల్ సెల్ వంటి రక్తజబ్బు, చిన్న వయసులో గుండెపోటు, చక్కెర. ఇరవై ఏళ్ల తల్లికి అప్పగింత నాడు అన్నీ తెలియవు. తరవాత ఆమెకో, ఆమె తల్లికో జబ్బు తేలితే, పేరు బయటపడకుండా ఆ ఒక్క సంగతి ఫైలుకు చేర్చే దారి ఉండాలి.

దొరికిన బిడ్డ విషయంలో దొరికిన చోటు, వేళ, చుట్టిన గుడ్డ, మొలతాడు, మెడలో పూస, మొదట చూసినవారు ఏమన్నారు, ఇవన్నీ రాయాలి. గుడ్డను ఉతికి మూటకట్టి దాచాలి. "ఫలానా తేదీన దొరికింది" అన్న ఒక్క వాక్యం పోలీసు డైరీకి సరిపోతుంది, మనిషికి సరిపోదు.

ఇంటి దత్తతలకు రిజిస్టరు చేసిన పత్రం, అందులో బిడ్డ షెడ్యూల్. బొడ్రాయి దగ్గర నలుగురు పెద్దల ముందు ఇచ్చిపుచ్చుకొని, ఆ పెద్దలు పోయాక సాక్ష్యం లేక కోర్టుకెక్కిన కేసులు నేనే ఎన్నో వాదించాను. ఇక కాగితం బతకాలి. మాది తుపాన్ల తీరం. చెదలు, చెమ్మ, ఉప్పుగాలి. ఆఫీసులు మారతాయి, కమిటీల గడువులు ముగుస్తాయి. బిడ్డ ఫైలు ఒక్క చోటే, ఒక్క ప్రతిగానే ఉండకూడదు.

చైల్డ్ స్టడీ రిపోర్టు రాసే సోషల్ వర్కరు అమ్మాయిలు ఈ సభలో ఉండవచ్చు. మీ మీద పని ఎంతో నాకు తెలుసు. ఆ రిపోర్టు మొదట చదివేది పెంచుకోబోయేవాళ్లు. ఆఖరున చదివేది వేరే మనిషి. ఆ మనిషి కోసం ఒక్క పది నిమిషాలు ఎక్కువ కూర్చోండి, అంతే.

తూర్పు: సముద్రం

మొదట చెప్పిన పత్రం దగ్గరికి వస్తాను. అది రాసిన ఇరవై ఆరేళ్లకు ఒకమ్మాయి నా ఆఫీసుకు వచ్చింది. చేతిలో 4వ పుస్తకం నుంచి తీసుకున్న నకలు, అందులో లాయరు సాక్షిగా నా సంతకం. నిండు నెలల మనిషి. చెకప్‌లో డాక్టరమ్మ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా అని అడిగిందట. లేదని చెప్పింది. తను నాయనగా ఎరిగిన మనిషి ఇంట్లో నిజంగానే ఎవరికీ లేదు. పరీక్షలో షుగరు కనిపించాక పెంచిన తల్లి అసలు సంగతి చెప్పి ఏడ్చింది. అప్పటిదాకా ఆ పిల్ల కన్నతల్లిని పిన్నమ్మా అని పిలుస్తోంది.

నకలు చదవడానికి చేతిరాత కష్టంగా ఉందని తెచ్చింది. నా ముందు కూర్చొని, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివించుకుంది. పడమర హద్దులో ఉంది, తండ్రి తల్లికి చక్కెర జబ్బు, పుండు మానక కాలు తీసేశారని. డాక్టరుకు కావలసిన జవాబు 1985లోనే రాసి ఉంది. ఆ వరుస దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగలేదు. ఉత్తరం దగ్గర ఆగింది. బిడ్డ తల్లికి గుండెజబ్బు తేలినందున, మద్రాసు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చి, పాలివ్వలేక, తుపానులో పడవ పోయి పోతపాలు కొనలేక, బిడ్డ బతకాలని అక్కకు ఇస్తున్నట్టు.

"ఆడపిల్లని వదిలించుకున్నారని అన్నారు సార్ మా ఊళ్లో" అంది. మళ్లీ ఒకసారి చదవమంది. చదివాను.

ఊరు ఇరవై ఆరేళ్లు ఒక కథ చెప్పింది. కాగితం ఇంకో కథను కాపాడింది. ఆ రోజు వేపచెట్టు కింద తలవంచుకొని కూర్చున్న తల్లికి, తన తరఫున వాదించడానికి ఆ రెండు వరుసలు తప్ప ఎవరూ లేరు. పుట్టింటి వివరం బిడ్డకు హక్కని మనం అంటాం. తల్లికి కూడా అది రక్షణేనని నాకు ఆ పూట తెలిసింది.

అన్ని ఫైళ్లూ ఇలా ముగియవు. మెట్ల మీద దొరికిన బిడ్డకు తల్లి ఎవరో, తండ్రి ఎవరో ఎన్నటికీ తెలియకపోవచ్చు. ఈ సంగతి ఒకసారి పెద్దాయన్నే అడిగాను. తెలియని హద్దును ఏం చేస్తారని. ఆయన పెట్టెలోంచి పాత క్రయపత్రం ఒకటి తీసి చూపించారు. మైపాడు వైపు ఒక ఇసుకదిబ్బ భూమిది. మూడు వైపులా మనుషుల పేర్లున్నాయి. నాలుగోవైపు, "తూర్పు: సముద్రం."

"అవతల ఎవరున్నారో నాకు తెలవదు అబ్బయ్యా. హద్దు అటూ ఇటూ జరుగుతుంటది గూడా. అయినా ఖాళీ వదిలానా?" అన్నారు.